చీకటిలోని బంగారు రూపము

రోము నగరపు ప్రాచీన ప్రాకారములను దాటి, అప్పియా మార్గమును గాని సలారియా మార్గమును గాని పట్టి కొంత దూరము పోయినచో, పైకి ఇండ్లును తోటలును మాత్రమే కానవచ్చు నేల క్రింద, మెత్తని అగ్నిపర్వత శిలను తొలిచి, అంతస్తు క్రింద అంతస్తుగా, సందులోనుండి సందుగా, మైళ్ళ కొలది వ్యాపింపజేసిన మృతుల పట్టణములు అనేకములు కలవు. కాటకూంబులని లోకము పిలుచు ఈ భూగర్భ శ్మశానములలో, క్రీస్తు శకము 2వ శతాబ్ది చివర మొదలుకొని 5వ శతాబ్ది ఆరంభము వరకు, ప్రధానముగా క్రైస్తవులును, వేరు చోట్ల యూదులును, తమవారిని భూమికి అప్పగించిరి. సందులకు ఇరుప్రక్కల గోడలలో, ఒకదానిపై నొకటిగా, మనుష్యుడు పరుండుటకు మాత్రమే చాలిన గూళ్ళు తొలిచి, శవమునకు వస్త్రము చుట్టి అందుంచి, పెంకులతోనో చలువరాతి పలకతోనో నోరు మూసి, అంచుల వెంబడి సున్నపు గచ్చు మెత్తెడివారు. పేరు చెక్కించగలవారు చెక్కించిరి; పేదల గూళ్ళు పెక్కులు పేరు లేకయే నిలిచినవి. ఐనను ఆ గచ్చు ఆరకముందు, ఇంకను పచ్చిగా నున్నప్పుడే, ఎవరో యొక తల్లియో భర్తయో కుమారుడో దానిలోనికి ఏదో యొక చిన్న వస్తువును వ్రేలితో నొక్కి నిలిపెడివారు: ఒక నాణెము, ఒక గవ్వ, ఒక మట్టి ప్రమిద, బిడ్డ యాడుకొనిన దంతపు బొమ్మ, లేదా నేను ఈ వ్యాసమున చెప్పదలచిన వస్తువు, బంగారు రూపమును గర్భమునందు దాల్చిన ఒక గాజు బిళ్ళ.

అది సాధారణముగా అరచేతిలో ఇమిడిపోవునంతటిది. రెండు గాజు పొరల నడుమ, ఊపిరికి చెదరిపోవునంత పలుచని బంగారు రేకు. ఆ రేకునందు గీయబడిన రూపము. ఒకదానియందు పేతురు, పౌలు అను అపొస్తలులు ఇరువురు ఎదురెదురుగా నుందురు. వారి నడుమ విజయసూచకమైన మాల యొకటి వ్రేలాడుచుండును. ఒకదానియందు ఆగ్నెస్ అను కన్య రెండు చేతులును పైకెత్తి ప్రార్థించుచు నిలిచియుండును. ఒకదానియందు గొఱ్ఱెను భుజములపై మోయు మంచి కాపరి; మఱియొకదానియందు సముద్రజంతువు వాత బడి బయల్వెడలిన యోనా; వేరొకదానియందు నాలుగు దినములు గోరీలో నుండి మరల లేచి వచ్చిన లాజరు. ఇట్టివి నేడు లోకమున సుమారు 500 వరకు మిగిలియున్నవి. వానిలో గొప్ప సంచయము వాటికను నగరమునను, తక్కినవి లండనులోని బ్రిటిషు మ్యూజియము, న్యూయార్కులోని మెట్రోపాలిటన్ మ్యూజియము మొదలగు చోట్లను కలవు. నిర్మలమైన దీపకాంతిలో, నల్లని వస్త్రముపై నుంచిన ఈ బిళ్ళలను చూచువానికి అవి చూచుట కొరకే పుట్టినవని తోచును. అది సత్యమే. కాని అవి వందల సంవత్సరములు వసించిన చోటు చూపునకు ఎంతమాత్రమును ఎడము లేని చోటు.

అచ్చటి చీకటి యెట్టిదో మనకు ప్రత్యక్షసాక్షి యొకడు చెప్పెను. బైబిలును లాటిను భాషలోనికి తెచ్చిన జెరోము, 4వ శతాబ్ది నడుమ రోములో బాలుడుగా చదువుకొనుచున్న దినములలో, తోటి విద్యార్థులతో కూడి ఆదివారములందు ఈ సమాధులను దర్శించుటకు పోయెడివాడు. వృద్ధాప్యమున ప్రవక్తయైన యెహెజ్కేలు గ్రంథమునకు వ్యాఖ్య వ్రాయుచు ఆనాటి జ్ఞాపకమును తలచుకొని, పైనున్న రంధ్రములనుండి అచ్చటచ్చట దిగు వెలుగు చీకటి భయమును ఇంచుక తగ్గించునే కాని పోగొట్టలేకుండెననియు, అడుగులో అడుగు వేయుచు నడువవలసి వచ్చెడిదనియు చెప్పెను. అట్టి చోట గోడకు అతికిన మూడంగుళముల బంగారు రూపము ఎవరికి కనబడును? సంవత్సరమున కొకమారు వర్ధంతినాడు ప్రమిద పట్టుకొని వచ్చిన బంధువునకు క్షణకాలము తళుక్కుమని మరల చీకటిలో కలసిపోవును. ఆ బంధువులును గతించిన పిమ్మట అదియు లేదు. చూచుటకై చేసిన ప్రతిమను చూపు లేని చోట ప్రతిష్ఠించుటలో అర్థమేమి? ప్రతిమ ఎవరి కొరకు? ఈ ప్రశ్న రోమునకు మాత్రమే చెందినది కాదు; రూపము ద్వారా అరూపమును సేవించు ప్రతి జాతికిని చెందినది. కావున దీనిని నిదానముగా విచారించుట ఉచితము.

ముందుగా ఈ రూపము జన్మించిన విధమును చూతము. పనివాడు ఒక గాజు బిళ్ళను తీసికొని దానిపై బంగారు రేకును అంటించును. ఆ రేకునకు స్వయముగా నిలుచు శక్తి లేదు. చేతితో పట్టినచో నలిగిపోవును, గాలి తగిలినచో లేచిపోవును. పిమ్మట సన్నని మొనగల పనిముట్టుతో దానిని గీయును. ఇచ్చట గమనింపదగిన విశేష మొకటి కలదు: చిత్రకారుడు వర్ణమును చేర్చి రూపమును కల్పించును గాని ఈ పనివాడు బంగారమును తొలగించి కల్పించును. రూపము చుట్టు నున్న బంగారమును గోకివేయును. కన్ను, కనుబొమ, గడ్డపు వెండ్రుక, వస్త్రపు మడత, ఇవన్నియు బంగారము లేని చోట్లు. పేతురు చూచుచున్నాడని మనకు తోచునదంతయు పనివాడు గోకివేసిన గీతలలోనుండి వెనుకటి గాజు కానవచ్చుటయే. కాదు, కాదు అని తొలగించుచు పోగా మిగిలినదే సత్యమని బోధించిన ఉపనిషత్తుల జాడ నెరిగిన మనకు ఈ శిల్పవిధానము అపరిచితముగా తోపదు. తుదకు కొలిమిలో వేడెక్కిన మఱియొక గాజు పొరను దానిపై కప్పి రెంటిని ఏకము చేయును. రెండు పొరల వేడిమియు సరిపడనిచో చల్లారునపుడు గాజు పగులును. సరిపడినచో రూపము శాశ్వతముగా లోపల నిలుచును. అటుపై దానిని తాకుటకు ఎవరికిని సాధ్యము కాదు. మసి పట్టదు, త్రుప్పు పట్టదు, దొంగ గోకికొనలేడు. చూడవచ్చును, అంతే.

ఈ విద్య క్రైస్తవులు కనిపెట్టినది కాదు. క్రీస్తునకు రెండు మూడు వందల సంవత్సరముల పూర్వమే గ్రీకు నాగరికత వ్యాపించిన దేశములలో, ఒక గాజు గిన్నెలో మఱియొక గాజు గిన్నె సరిగా నిమిడించి నడుమ బంగారు రేకుతో ఆకులును పూవులును తీర్చిన పాత్రలుండెను. దక్షిణ ఇటలీలోని కనోసాయందు దొరికిన అట్టి గిన్నెలు నేడు బ్రిటిషు మ్యూజియమున నున్నవి. రోములో 4వ శతాబ్దినాటికి అది ముఖ్యముగా పానపాత్రల అడుగు భాగమును అలంకరించు విద్యగా మారెను. పెండ్లికో, పండుగకో, విందునకో బహుమతిగా నిచ్చు పాత్ర అది. త్రాగువాడు ద్రాక్షారసము నింపినపుడు అడుగునున్న రూపము ఎఱ్ఱని రసము క్రింద మునిగిపోవును. త్రాగుచున్న కొలది మెల్లమెల్లగా తేలి వచ్చును. పాత్ర శూన్యమైనపుడు సంపూర్ణముగా ప్రకాశించును. అంచు వెంబడి బంగారు అక్షరములతో తరచుగా కానవచ్చు వాక్యము గ్రీకు భాషలోనిది, లాటిను లిపిలో వ్రాసినది: "పియే జెసేస్". త్రాగుము, నీవు జీవింతువు గాక, అని దాని భావము. అది విందులో ఒకరు మఱియొకరికి చెప్పు ఆశీర్వాదము. మనవారు అక్షతలు చల్లి "చిరంజీవ" అన్నట్టిదే.

ఆ ఆశీర్వాదమునకు మతభేదము లేకుండెను. బ్రిటిషు మ్యూజియములోని యొక బిళ్ళపై ఓర్ఫితుసు, కొన్‌స్టాంతియా అను దంపతులు కలరు. వారి నడుమ చిన్న రూపమున హెర్క్యులీసు నిలిచియున్నాడు. ఆ దేవుని పేరిట ఆనందముగా త్రాగుడని చుట్టు వ్రాసియున్నది. యూదుల బిళ్ళలపై ఏడు కొమ్మల దీపస్తంభము, ధర్మశాస్త్రపు చుట్టలను దాచు మందసము, దానిని కాచు సింహములు, పొట్టేలు కొమ్ము బూర, పర్ణశాలల పండుగనాడు చేతబట్టు ఖర్జూరపు మట్టయు దబ్బపండును బంగారముతో తీర్చబడి యుండును. క్రైస్తవుల బిళ్ళలపై నున్న వారిని ముందే చెప్పితిని. పనితనమును, అక్షరముల పోకడను, అంచుల అలంకారమును పోల్చి చూచిన పండితులు ఈ మూడు తెగల వస్తువులును ఒకే పనిశాలలలో తయారయినవని తలచుచున్నారు. ఒకే కొలిమి, ఒకే బంగారము, ఒకే చేయి. ఉదయము హెర్క్యులీసును గీసినవాడు మధ్యాహ్నము పౌలును గీసియుండవచ్చును. సాయంకాలము దీపస్తంభమును గీసియుండవచ్చును. వాని స్వంత దైవమెవరో ఆ గాజు చెప్పదు. ఈ సంగతిని ప్రతిమలయందు విశ్వాసము లేనివారు తమకు అనుకూలముగా వాడుకొనవచ్చును: అంగడిలో కొన్న బొమ్మయందు పవిత్రత యెక్కడినుండి వచ్చునని అడుగవచ్చును. అది అడుగదగిన ప్రశ్నయే. పవిత్రత పనిశాలలో పుట్టలేదని నేను ఒప్పుకొందును. మఱి ఎచ్చట పుట్టినది?

ఈ ప్రశ్నను ఆ కాలపు క్రైస్తవ పెద్దలు ఎంత తీవ్రముగా అడిగిరో చూచిన ఆశ్చర్యము కలుగును. విగ్రహమును చేసికొనరాదను మోషే ధర్మము వారికి సజీవమైన ఆజ్ఞ. 3వ శతాబ్ది తొలి భాగమున ఆఫ్రికాలోని కార్తేజి నగరవాసియైన టెర్తుల్లియనుడు, పానపాత్రలపై కాపరి బొమ్మను చిత్రించుకొను తోటి క్రైస్తవులను ఎత్తిపొడిచెను. మీరు త్రాగుచు చూచు ఆ కాపరి మీ ఉపేక్షకు సాక్ష్యమిచ్చునా యని ఆయన కోపము. ఆయనకు కొంచెము ముందు అలెగ్జాండ్రియాలోని క్లెమెంటు, ముద్రయుంగరములపై పావురము, చేప, ఓడ, వీణ, లంగరు వంటివి ఉండవలెనని విధించెను. చెక్కడపు గాజు పాత్రలను గూర్చి పలుకుచు, పగులునేమో యని త్రాగునప్పుడే భయపడుట నేర్పు ఆ వస్తువులు మనకేల యని మందలించెను. 4వ శతాబ్ది ఆరంభమున స్పెయినులోని ఎల్వీరా యందు కూడిన సభ, పూజింపబడునది గోడలపై చిత్రింపబడకుండుటకై చర్చిలో చిత్రములుండరాదని తీర్మానించెను. చక్రవర్తి కాన్‌స్టాంటైను సోదరి క్రీస్తు ప్రతిమ నొకదానిని కోరగా, మహిమయందు ప్రవేశించిన వాని రూపమును ప్రాణము లేని వర్ణములు ఎట్లు చూపగలవని ప్రశ్నించిన లేఖ యొకటి యూసేబియసు పేర మనకు అందినది. వీరందరు పామరులు కారు, కఠినులును కారు. ప్రేమ వస్తువుతోనే తృప్తి చెంది ఆగిపోవునేమో యని భయపడినవారు. ఆ భయము గౌరవింపదగినది. మన దేశమునను వీరశైవ, వేదాంత, సంస్కరణ సంప్రదాయములలో స్థావర విగ్రహమును గూర్చి ఇట్టి భయమే పలుమారు వినబడినది.

దానికి ప్రత్యుత్తరము 8వ శతాబ్దిలో సంపూర్ణముగా వెలువడెను. ప్రతిమలను నాశనము చేయుడని బైజాంటియను చక్రవర్తులు శాసించిన కాలమున, డమాస్కసు వాసియైన యోహాను, ప్రతిమకు చేసిన సన్మానము దాని మూలమునకు చేరునను పూర్వాచార్యుల మాటను ఆధారముగా గైకొని ప్రతిమలను సమర్థించెను. 787లో నైసియా యందు కూడిన మహాసభ ఆరాధన వేరు, సన్మానము వేరు అని విభజించి ఆ వాదమునే స్థాపించెను. మన బ్రహ్మసూత్రభాష్యములలోని ప్రతీకోపాసన విచారమును ఎరిగినవారికి ఈ తర్కము బంధువువలె కనబడును. ప్రతీకమునందు బ్రహ్మదృష్టి నుంచవలెనే కాని బ్రహ్మమునందు ప్రతీకదృష్టి నుంచరాదని మన ఆచార్యులు నిర్ణయించిరి; తక్కువదానిని ఎక్కువదానిగా భావించుట ఉపాసన, ఎక్కువదానిని తక్కువదానిగా భావించుట అపచారము. స్ఫటికము ప్రక్క మంకెన పూవు నుంచగా స్ఫటికము ఎఱ్ఱగా తోచునే కాని ఎఱ్ఱబడదను దృష్టాంతమును మనవారు శతాబ్దుల కొలది వల్లించిరి. ఉపాధి వలన వర్ణము తోచును. స్ఫటికము స్ఫటికముగనే యుండును.

ఈ సమాధానములు రెండును గొప్పవి. ఐనను రెంటియందును చూచువాడొకడు ఉండవలెనను ఊహ దాగియున్నది. సన్మానము మూలమునకు చేరుటకు సన్మానించు నేత్రము కావలెను. ప్రతీకమునందు బ్రహ్మదృష్టి నుంచుటకు దృష్టి కావలెను. స్ఫటికము ఎఱ్ఱగా తోచుటకు ఎవరికో తోచవలెను. కాటకూంబు గోడలోని బిళ్ళను చూచువారెవరును లేరు. ద్రష్ట లేని ఆ దృశ్యము ఈ సిద్ధాంతములకు అందక, వెలుపల, చీకటిలో నిలిచియున్నది. నన్ను ఆకర్షించినది అదియే.

దానిని అర్థము చేసికొనుటకు మన ఆచారములలోనే రెండు సంగతులు తోడ్పడునని నాకు తోచుచున్నది. మొదటిది దేవాలయ ప్రతిష్ఠ. మూలవిరాట్టును పీఠముపై నిలుపుటకు ముందు, పీఠము క్రింది గుంటలో యంత్రమును, నవరత్నములను, ధాన్యమును, బంగారమును శాస్త్రోక్తముగా నిక్షేపించి, పైన విగ్రహమును స్థాపించి మూసివేయుదురు. ఆ యంత్రమును ఎంతో శ్రద్ధతో లిఖింతురు, పూజింతురు, ఆ పిమ్మట ఎవరును మరల చూడరు. చూడరాదు కూడ. లక్షల జనులు దర్శించు విగ్రహమునకు ఆధారము ఎవరికిని దర్శనమీయని యా లిఖితము. రెండవది మరింత సామాన్యమైనది, మన యిండ్లలోనిది. గోడనున్న దేవుని పటమునకు శుక్రవారమునాడు బొట్టు పెట్టు తల్లి వ్రేలు తాకునది దేవుని నుదురు కాదు, పటమునకు కట్టిన అద్దము. సంవత్సరములు గడచిన కొలది బొట్టుపై బొట్టు చేరి, ఆ కుంకుమయు పసుపును గట్టిపడి, దేవుని ముఖము మెల్లగా కానరాకుండ పోవుటను మనలో పెక్కుమంది చూచియున్నాము. పూజయే ప్రతిమను కప్పివేయుచున్నది. ఐనను ఆమె బొట్టు పెట్టుట మానదు; ముఖము కనబడుటలేదని దుఃఖింపదు. చూచుట కొరకే ప్రతిమ యైనచో ఆమె చేయునది వినాశము. కాని ఆమె చేయునది వినాశము కాదని చూచిన ప్రతివానికిని తెలియును. ఆమె చూచుటలేదు, అప్పగించుచున్నది.

అప్పగించుట: ఈ మాటయందే ఆ గాజు బిళ్ళ రహస్యమున్నదని నా విశ్వాసము. చూపు ఒక విధమైన స్వాధీనము. చూచినదానిని మనము మనసునందు పట్టుకొందుము. అప్పగింత దానికి వ్యతిరేకము, పట్టుకొనినదానిని విడుచుట. పవిత్రత పనిశాలలో పుట్టలేదు. విందుబల్లపైనను పూర్తిగా పుట్టలేదు. పచ్చి గచ్చులోనికి వ్రేలు నొక్కిన క్షణమున, ఇక దీనిని నేను చూడను, దీనిని నేను తాకను, నీ దగ్గరనే యుండుగాక, అని ఒకరు విడిచిన క్షణమున పుట్టినది. ఆ వస్తువు వెల గలది, బంగారము గలది, ఇంటిలో నుంచుకొనదగినది. కొన్నిటి విషయమున పాత్ర గోడలను చిదిపి, అడుగును మాత్రము మిగిల్చి, అంచులను సవరించినట్లు స్పష్టముగా కనబడుచున్నది. పాత్ర పాత్రగా మరణించిన తరువాతనే రూపము గోడలోనికి చేరెను. ఇంక దానిలో ద్రాక్షారసము నిండదు. ఎవరి పెదవియు తగులదు. ఏ కంఠము కొరకు దానిని నింపెడివారో ఆ కంఠము గోడ వెనుక నున్నది.

మఱి ఆ అంచుననున్న వాక్యము? త్రాగుము, నీవు జీవింతువు గాక. విందులో అది బ్రదికియున్నవానికి చెప్పిన శుభాకాంక్ష. ఇంకను కొన్ని యేండ్లు హాయిగా నుండుమని లోకరీతిగా పలికిన మాట. అదే బిళ్ళ గచ్చులో నాటబడినపుడు ఒక్క అక్షరమును మారలేదు; కాని వాక్యము మొత్తము మారిపోయెను. ఇపుడు దానిని వినవలసినవాడు చనిపోయినవాడు. చనిపోయినవానితో జీవింపుమనుట అసంబద్ధమైనను కావలెను, లేక ఎవరును రుజువు చేయలేని మహావిశ్వాసమైనను కావలెను. ఆ తల్లియో భర్తయో వేదాంతము చదివినవారు కాకపోవచ్చును. పునరుత్థానమును గూర్చి వారిని ప్రశ్నించినచో తడబడియుందురేమో. ఐనను వారి చేయి ఒక సిద్ధాంతమును పలికినది. విందుబల్లయొద్ద అలవాటుగా దొరలిన ఆశీర్వాదమును వారు మృత్యువు ముఖముపై అతికించి, దాని పూర్ణార్థమును దానిచేత పలికించిరి. హెర్క్యులీసు పేర త్రాగిన దంపతులకును, దీపస్తంభమును అతికించిన యూదునకును, ఆగ్నెస్ రూపమును అతికించిన క్రైస్తవునకును విశ్వాసములు భిన్నములు. వానిని ఒకటిగా కలిపివేయుట వారి కెవరికిని న్యాయము కాదు. ఆ భేదములు నిజమైన భేదములే. కాని చీకటిలో తమవానికి తోడుగా వెలుగు గల వస్తువు నొకదానిని విడిచిపోవలెనను ఆర్తి కొలిమివలెనే అందరికిని ఉమ్మడిది.

ఈ విద్య తరువాతి చరిత్ర వెలుగులో నడచినది. బంగారు రేకును గాజు పొరల నడుమ నిలుపు ఉపాయమే బంగారు మొజాయికు ఘనములకు ప్రాణమై, రావెన్నాలోని సాన్ విటాలే, కాన్‌స్టాంటినోపిలులోని హేగియా సోఫియా వంటి దేవాలయముల గోడలను దీపకాంతిలో జ్వలింపజేసినది. ఇటలీలోని బ్రెషా నగరమున, లంబార్డు రాజు దెసిదేరియసు పేర పరగు రత్నఖచితమైన శిలువయందు, 3వ శతాబ్దికి చెందిన నీలి గాజు పతకమొకటి పొదుగబడియున్నది. దానియందు ఒక స్త్రీయు, ఇరువురు సంతానమును జీవకళతో మనవంక చూచుచున్నారు. వారెవరో నిశ్చయముగా తెలియదు. సామాన్య కుటుంబచిత్రము దైవచిహ్నము నడుమ స్థానము పొందినది. 18వ శతాబ్దిలో బొహీమియా పనివారు రెండు గోడల పానపాత్రల నడుమ బంగారు రేకుతో సాధువులను, వేటలను చిత్రించిరి. ఆ శతాబ్ది చివర ఆస్ట్రియాలో మిల్డ్నరు అను నిపుణుడు పతకములను పాత్రలలో పొదిగెను. 1819లో లండనులో ఆప్స్లీ పెలాటు తెల్లని మట్టితో పోతపోసిన ముఖములను తేట గాజులోపల నిలుపు విధానమునకు పేటెంటు పొందెను. మట్టియు గాజును వేడికి ఒకే తీరున వ్యాకోచింపనిచో పగుళ్ళు వచ్చును గనుక ఆ మట్టి మిశ్రమమే దాని రహస్యము. ఆ పద్ధతిని అనుసరించి పుట్టిన కన్య మరియ రూపములు, శిలువ రూపములు లోపల వెండివలె మెరయును. ఈ కడపటి వస్తువులన్నియు అందమైనవే, కాని బల్లపైనను అల్మారాలోను ఉండుటకు చేసినవి, అచ్చటనే ఉండిపోయినవి. వీనిని ఎవరును ఎవరికిని అప్పగింపలేదు.

కాటకూంబులు క్రమముగా మరవబడెను. 8, 9 శతాబ్దులలో సాధువుల అస్థికలను నగరములోని దేవాలయములకు తరలించిన పిమ్మట యాత్రికులును రాకపోయిరి. సందులు మట్టితో నిండెను. 1578 మే నెల చివర సలారియా మార్గము ప్రక్కనున్న ద్రాక్షతోటలో త్రవ్వుచున్న పనివారికి ఒక సమాధిమార్గము బయటపడగా రోము నగరమంతయు విస్మయము చెందెను. ఆంటోనియో బోసియో అను పరిశోధకుడు తన జీవితమును ఆ చీకటి సందులకే ధారపోసెను. 1629లో ఆయన మరణించిన పిదప వెలువడిన గ్రంథముతో భూగర్భ రోము లోకమునకు తెలిసినది. 1716లో ఫిలిప్పో బువొనరొత్తి ఈ గాజు ముక్కలను గూర్చియే ప్రత్యేకముగా ఒక గ్రంథము వ్రాసెను. 18వ శతాబ్ది నడుమ 14వ బెనెడిక్టు పోపు వాటికను గ్రంథాలయమున క్రైస్తవ పురావస్తువులకు శాల నేర్పరచెను. ఆ పరిశోధకుల శ్రద్ధ లేనిచో నేడు ఈ రూపములను గూర్చి మనకు తెలియునది ఏమియు లేకుండెడిది. వారికి మనమందరము ఋణపడియున్నాము. ఐనను వెలుగులోనికి వచ్చుటతో ఒకటి పోయెను. గచ్చునుండి ఊడదీసిన ప్రతి బిళ్ళతోను అది ఏ గూటికి కాపలా యుండెనో ఆ సంబంధము తెగిపోయెను; ఎవరికి అప్పగింపబడినదో ఆ పేరు, అది పెక్కు గూళ్ళపై మొదటినుండియు వ్రాయబడలేదు గనుక, శాశ్వతముగా మాసిపోయెను. మనము గాజును పొందితిమి. గోడ వెనుకనున్నవానిని పోగొట్టుకొంటిమి.

కావున ఇట్టి యొక బిళ్ళ ఎదుట నిలుచు భాగ్యము ఎవరికైన కలిగినచో, నా మనవి యొక్కటే. ముందుగా పేతురు ముఖమును చూడవలదు, బంగారు కాంతిని చూడవలదు; అంచును చూడవలెను. కొన్నిటి అంచులకు పదియారు వందల సంవత్సరముల నాటి తెల్లని గచ్చు ఇంకను పొలుసులుగా అంటుకొనియున్నది. బంగారు రూపము పనివాడు చేసినది. అంగడిలో వెలకు వచ్చినది. అట్టివి ఆనాడు పదులు వందలుగా తయారయినవి. ఆ గచ్చు మాత్రము ఒకరి యింటివారు తమ దుఃఖముతో మెత్తినది. ప్రతిమయందు దేవుడున్నాడా లేడా యని పండితులు వాదించిన శతాబ్దములలోనే, ఒక చేయి ఆ వాదమును వినకయే ఆ ప్రతిమను చీకటికి ఇచ్చివేసి, ప్రమిదను ఆర్పికొని, తడవుకొనుచు మెట్లెక్కి వెలుగులోనికి పోయినది. తాను వెనుక విడిచివచ్చిన వెలుగును తాను మరల చూడనక్కరలేదని దానికి తెలియును. ఎవరి కొరకు ఆ ప్రతిమ యను నా ప్రశ్నకు ఆ గచ్చు పొలుసు కంటె మించిన ప్రత్యుత్తరమును నేను ఏ భాష్యమునందును చదువలేదు.